నమ్మనివాడు కొలిచిన స్థిరాంకం

1916లో అమెరికా భౌతికశాస్త్ర పత్రిక ఫిజికల్ రివ్యూలో రాబర్ట్ మిల్లికన్ వ్యాసం ఒకటి అచ్చయింది. ఆయన షికాగో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. నూనె బొట్లను గాలిలో వేలాడదీసి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన మనిషిగా అప్పటికే పేరుంది. ఆ వ్యాసంలో ఆయన చెప్పినవి రెండు ముక్కలు. కాంతి పడినప్పుడు లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఎలా బయటికొస్తాయో 1905లో ఐన్‌స్టీన్ ఒక సమీకరణం రాశాడు, అది పెట్టిన ప్రతి పరీక్షకీ నిలబడింది. కానీ ఆ సమీకరణం ఏ ఊహలోంచి పుట్టిందో ఆ ఊహ మాత్రం నిలిచేది కాదు, దాన్ని ఐన్‌స్టీనే వదిలేసి ఉంటాడని తన అభిప్రాయం.

లెక్క ఒప్పు, కథ తప్పు అన్నమాట. ఐన్‌స్టీన్ నిజానికి ఆ ఊహను వదల్లేదు. ఆ సంగతి అలా ఉంచితే, సిద్ధాంతం మీద ఇంత అపనమ్మకం ఉన్న మనిషే ఆ సిద్ధాంతంలోని కీలకమైన సంఖ్యను అప్పటికి ఎవరూ కొలవనంత నిక్కచ్చిగా కొలిచాడు. ఆ సంఖ్యే ప్లాంక్ స్థిరాంకం, పుస్తకాల్లో హెచ్ అనే అక్షరంతో రాసేది. ఎలా కొలిచాడు, అంత కష్టం ఎందుకు పడాల్సి వచ్చింది, కొలిచాక కూడా ఎందుకు నమ్మలేదు అన్నవి ఒక్కొక్కటే చూద్దాం.

ముందు సమస్య ఎక్కడ మొదలైందో చెప్పాలి. 1887లో జర్మనీలోని కార్ల్స్‌రూహె పట్టణంలో హైన్‌రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి పట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు. ఒకచోట పెద్ద విద్యుత్ రవ్వ పుట్టిస్తే, కాస్త దూరంలో ఉన్న తీగ చివరల మధ్య చిన్న రవ్వ కనబడాలి. ఆ చిన్న రవ్వ బాగా కనబడటం కోసం దాని చుట్టూ చీకటిపెట్టె అమర్చాడు. చిత్రంగా రవ్వ మరీ చిన్నదైపోయింది. మధ్యలో గాజుపలక అడ్డం పెట్టినా తగ్గింది, క్వార్ట్జ్ పలక పెడితే తగ్గలేదు. గాజు అతినీలలోహిత కాంతిని ఆపుతుంది, క్వార్ట్జ్ పోనిస్తుంది. అంటే పెద్ద రవ్వలోంచి వచ్చే అతినీలలోహిత కాంతి చిన్న రవ్వకు సాయం చేస్తోందన్నమాట. కాంతి తరంగమేనని లోకానికి చాటిన ప్రయోగంలోనే ఆ తరంగ సిద్ధాంతానికి మింగుడుపడని సంగతి కూడా బయటపడింది. హెర్ట్జ్ దాన్ని జాగ్రత్తగా రాసిపెట్టి తన అసలు పనిలోకి వెళ్లిపోయాడు.

కాంతి వెళ్లగొట్టేది ఎలక్ట్రాన్లనే అని 1899కల్లా తేలింది. అసలు చిక్కు 1902లో వచ్చింది. హెర్ట్జ్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఫిలిప్ లెనార్డ్ కాంతి తీవ్రతను వెయ్యి రెట్ల దాకా మార్చి చూశాడు. వెలుగు పెంచితే ఎక్కువ ఎలక్ట్రాన్లు బయటికొచ్చాయి గానీ, ఒక్కొక్క ఎలక్ట్రాన్ తెచ్చుకునే గరిష్ఠ శక్తి మారలేదు. కాంతి తరంగమైతే ఇలా జరగకూడదు. పెద్ద అల గట్టిగా కొడుతుంది, చిన్న అల మెల్లగా కొడుతుంది, ఎలక్ట్రాన్ కూడా దానికి తగ్గట్టే ఎగరాలి. అదీకాక ఒక్కో లోహానికి ఒక్కో హద్దు ఉంది. ఆ హద్దుకి దిగువ పౌనఃపున్యం ఉన్న కాంతి ఎంత జోరుగా కురిసినా ఎలక్ట్రాన్ కదలదు. జింకు మీద మామూలు గాజు బల్బు ఎంత పెద్దది వెలిగించినా లాభం లేదు.

లెనార్డ్ దీనికి తన వివరణ ఒకటి ఇచ్చుకున్నాడు. శక్తి ముందునుంచే పరమాణువులో ఉంటుందనీ, కాంతి దానికి మీట నొక్కడం మాత్రమే చేస్తుందనీ. కేథోడ్ కిరణాల మీద చేసిన పనికి ఆయనకు 1905లో నోబెల్ వచ్చింది. తర్వాతి కాలంలో నాజీ పక్షాన చేరి ఐన్‌స్టీన్ మీద విషం కక్కిన మనిషీ ఆయనే. అయినా 1902 నాటి కొలతలు కొలతలే, ఐన్‌స్టీన్ వాటి మీదే నిలబడ్డాడు.

ఐన్‌స్టీన్ అప్పుడు బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగి, వయసు 26. ఆయన చెప్పింది ఇదీ: కాంతి శక్తి అల మీద పరుచుకుని ఉండదు, విడివిడి మూటలుగా ప్రయాణం చేస్తుంది. ఒక్కో మూటలోని శక్తి దాని పౌనఃపున్యానికి అనుపాతంలో ఉంటుంది. ఒక మూట ఒక ఎలక్ట్రాన్‌కి తన శక్తి మొత్తం ఇచ్చేస్తుంది. ఈ మూటలకే తర్వాత ఫోటాన్లు అనే పేరు స్థిరపడింది.

రైల్వే ప్లాట్‌ఫారం మీద రంగురంగుల లైట్లు తిరిగే బరువు మిషన్ గుర్తుందా? రూపాయి బిళ్ల వేస్తే అట్టముక్క టికెట్ వచ్చేది. అర్ధరూపాయి బిళ్లలు జేబునిండా ఉన్నా, ఒకదాని తర్వాత ఒకటి వందసార్లు వేసినా మిషన్ కదలదు. అది ఒక్కో బిళ్లనే చూస్తుంది, మొత్తం చూడదు. లోహంలో ఎలక్ట్రాన్ కూడా అంతే, ఒకసారికి ఒక ఫోటానే. ఎర్ర కాంతి వరదలా పారినా అందులోని ఏ ఒక్క ఫోటాన్‌కీ సరిపడా శక్తి ఉండదు. బలహీనమైన నీలికాంతిలో ఫోటాన్లు కొన్నే అయినా ప్రతిదానికీ ఆ స్తోమత ఉంటుంది.

ఇక సమీకరణం. ఎలక్ట్రాన్ లోహంలోంచి బయటపడటానికి కొంత శక్తి ఖర్చుపెట్టాలి, దాన్ని పని ప్రమేయం అంటారు. ఫోటాన్ ఇచ్చిన శక్తిలోంచి ఆ ఖర్చు పోగా మిగిలిందే ఎలక్ట్రాన్ వేగంగా పైకి కనబడుతుంది. అంటే:

ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తి = హెచ్ × పౌనఃపున్యం − పని ప్రమేయం.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన వరుసే ఇది. అయితే 1905 వ్యాసంలో హెచ్ అనే అక్షరమే లేదు. ఐన్‌స్టీన్ దాన్ని వేరే స్థిరాంకాల గుత్తిగా రాశాడు, ప్లాంక్ సిద్ధాంతంతో తన ఊహను ఇంకా పూర్తిగా కలపలేదు. పౌనఃపున్యాన్ని అడ్డంగా, ఎలక్ట్రాన్ శక్తిని నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే తిన్నని గీత రావాలని మాత్రం స్పష్టంగా చెప్పాడు. ఆ గీత వాలు ఏ లోహానికైనా ఒకటే ఉండాలి. లోహం మారితే గీత పైకో కిందికో జరుగుతుందే గానీ దాని వాలు మారదు. ఇలా గీత గీసి చూపించగల కొలతలు అప్పటికి ఎవరి దగ్గరా లేవు. గ్రాఫు ఎలా ఉండాలో కొలతలకు ముందే చెప్పేశాడు, అదీ ఆ యువకుడి తెగువ.

ఎలక్ట్రాన్ శక్తిని ఎలా కొలవాలి? వాటి వేగం నేరుగా చూడనక్కర్లేదు, వాటిని ఆపితే చాలు. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఒకవైపు లోహపు పలక, ఎదురుగా ఎలక్ట్రాన్లను అందుకునే మరో పలక ఉంటాయి. అందుకునే పలకకు రుణ వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లకు ఎదురు తగులుతుంది. వోల్టేజి పెంచుతూ పోతే నెమ్మదైనవి వెనక్కి మళ్లుతాయి, చివరికి అన్నిటికంటే వేగమైనది కూడా ఆగిపోయి ప్రవాహం సున్నా అవుతుంది. ఆ వోల్టేజిని నిరోధక పొటెన్షియల్ అంటారు. దాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తి వస్తుంది.

పాదరస దీపం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. దాని కాంతిలో కొన్ని నిర్ణీత రంగులే ఉంటాయి, వాటి తరంగదైర్ఘ్యాలు కచ్చితంగా తెలుసు. అందులో ఆకుపచ్చ గీత 546.1 నానోమీటర్లు, అంటే సెకనుకు 5.49 × 10¹⁴ కంపనాలు. కంటికి కనబడని అతినీలలోహిత గీత ఒకటి 365 నానోమీటర్లు, 8.21 × 10¹⁴ కంపనాలు. ఈ రెండు కాంతులకీ నిరోధక పొటెన్షియల్ కొలిస్తే తేడా దాదాపు 1.126 వోల్టులు రావాలి. సోడియమైనా పొటాషియమైనా ఆ తేడా అంతే. 1.126ని పౌనఃపున్యాల తేడా అయిన 2.72 × 10¹⁴తో భాగిస్తే సుమారు 4.14 × 10⁻¹⁵ వస్తుంది. అదే గీత వాలు. దాన్ని ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹తో గుణిస్తే 6.63 × 10⁻³⁴ జౌల్ సెకండ్లు, అదే ప్లాంక్ స్థిరాంకం. లెక్క ఇంతే.

ఆ సంఖ్య ఎంత చిన్నదంటే, పాఠం చెప్పేటప్పుడు తెర మీద చూపించే ఒక మిల్లీవాట్ ఆకుపచ్చ లేజర్ లైటు సెకనుకు దాదాపు 27 కోట్ల కోట్ల ఫోటాన్లను వదులుతుంది. విడి మూటలు మన కంటికి ఎందుకు తెలియవో దీన్నిబట్టి అర్థమవుతుంది.

లెక్క తేలికే. ప్రయోగమే మొండిది. 1905 తర్వాత చాలామంది ప్రయత్నించారు. 1912లో ఓవెన్ రిచర్డ్‌సన్, కార్ల్ కాంప్టన్ కలిసి, ఆర్థర్ హ్యూస్ విడిగా చేసిన ప్రయోగాల్లో శక్తికీ పౌనఃపున్యానికీ సరళ సంబంధం ఉన్నట్టే కనబడింది. కానీ వాటిలో వచ్చిన హెచ్ విలువలు ఒకదానితో ఒకటి కలవలేదు, ప్లాంక్ విలువతోనూ సరిపోలేదు. అవి కలవకపోవడానికి కారణం ఒకటి కాదు.

మామూలు లోహాల్లో ఎలక్ట్రాన్లు కదలాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. అంటే గ్రాఫు మీద వాడుకోగల పౌనఃపున్యాల పరిధి చాలా ఇరుకు. ఒకదానికొకటి ఆనుకున్న రెండు మూడు చుక్కల మీదుగా గీత గీస్తే వాలు ఎటైనా తిరుగుతుంది. చుక్కలు దూరదూరంగా ఉండాలంటే పసుపు, ఆకుపచ్చ కాంతికే స్పందించే లోహం కావాలి. అలాంటివి సోడియం, పొటాషియం, లిథియం వంటి క్షారలోహాలు. వాటితో వచ్చే తంటా, గాలి సోకితే చాలు క్షణాల్లో మసకబారిపోవడం. తాజాగా కోసిన సోడియం వెండిలా మెరుస్తుంది, చూస్తుండగానే బూడిదరంగులోకి మారుతుంది. ఎంత గాలి తీసేసిన గొట్టంలోనైనా కొద్దో గొప్పో వాయువు ఉంటుంది, ఉపరితలం మెల్లగా మారుతూనే ఉంటుంది. ఉదయం ఆకుపచ్చ కాంతితో కొలిచిన సోడియం, మధ్యాహ్నం నీలికాంతితో కొలిచేసరికి అదే సోడియం కాదు.

మిల్లికన్ దీనికి చేసిన ఏర్పాటు చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. గాలి తీసేసిన గాజు పాత్రలోనే చిన్న వర్క్‌షాపు కట్టేశాడు. లోపల తిరిగే చక్రం, దాని మీద సోడియం, పొటాషియం, లిథియం దిమ్మలు. పక్కన ఒక కత్తి. బయట ఉన్న విద్యుదయస్కాంతంతో గాజు గోడలోంచే లోపలి కత్తిని తిప్పితే అది దిమ్మ మీద పల్చటి పొర చెక్కేస్తుంది. చెక్కగానే చక్రం తిప్పి ఆ తాజా ముఖాన్ని కాంతి వైపు మళ్లిస్తాడు, నిరోధక పొటెన్షియల్ కొలుస్తాడు, కావాలంటే మళ్లీ చెక్కుతాడు. గాలి లేని గదిలో నడిచే చిత్రిక పనిశాల అని ఆ పరికరాన్ని ఆయనే సరదాగా వర్ణించుకున్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి కదలికలకి రెడీమేడ్ భాగాలు కేటలాగులో దొరుకుతాయి. 1910ల్లో వాటిలో ప్రతి ఒక్కటీ గాజు ఊదేవాడి నేర్పు మీదా మెకానిక్ చేతి పనితనం మీదా ఆధారపడింది.

ఎలక్ట్రాన్లను అందుకునే పంజరం విషయంలోనూ అంతే శ్రద్ధ. దాని మీద కాంతి పడితే అది కూడా ఎలక్ట్రాన్లను వెనక్కి వదులుతుంది, అప్పుడు సున్నా ప్రవాహం ఎక్కడో చెప్పడం కష్టం. అందుకని ఆక్సీకరణ చెందిన రాగి వల వాడాడు. ప్రయోగంలో వాడిన పొడుగు తరంగాలకు అది దాదాపు స్పందించదు. ఇక దీపం కాంతిలోంచి ఒక రంగును వేరుచేసేటప్పుడు ఏ కొంచెం అతినీలలోహితం చొరబడినా మొత్తం పాడవుతుంది. ఆకుపచ్చ కాంతి వెళ్లగొట్టిన కోట్ల ఎలక్ట్రాన్ల మధ్య, చొరబడిన ఆ కాస్త కాంతి వెళ్లగొట్టిన పది ఎలక్ట్రాన్లు ఎక్కువ శక్తితో దూసుకొచ్చి నిరోధక పొటెన్షియల్‌ను ఎక్కువ చేసి చూపిస్తాయి. ఈ దొంగ కాంతిని వడకట్టడానికే ఆయన చాలా పాటుపడ్డాడు.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. పాఠ్యపుస్తకాలు దీన్ని దాటవేస్తాయి, నా దృష్టిలో ఈ ప్రయోగం అందమంతా ఇందులోనే ఉంది. రెండు వేర్వేరు లోహాలను తీగతో కలిపితే, బ్యాటరీ లేకుండానే వాటి మధ్య కొంత వోల్టేజి తేడా ఏర్పడుతుంది, దాన్ని స్పర్శ పొటెన్షియల్ అంటారు. అది ఆ రెండు లోహాల పని ప్రమేయాల తేడాకు సమానం. మన గొట్టంలో కాంతి పడే పలక ఒక లోహం, అందుకునే పలక మరో లోహం. కాబట్టి ఎలక్ట్రాన్ అనుభవించే నిజమైన ఎదురు వోల్టేజి మీటరు చూపించేది కాదు, దానికి ఈ స్పర్శ పొటెన్షియల్ కూడా కలుస్తుంది. ఆ లెక్క పూర్తిగా చేసి చూస్తే కాంతి పడే పలక పని ప్రమేయం సమీకరణంలోంచి కొట్టుకుపోతుంది. మిగిలేది అందుకునే పలక పని ప్రమేయం.

అంటే మీటరు అంకెలతో గీసిన గీత నిలువు అక్షాన్ని ఖండించే చోటు చూసి అది సోడియం పని ప్రమేయమంటే తప్పు. అది ఎదుటి పలకది. ఎన్నో కాలేజీ రికార్డుల్లో ఈ పొరపాటు ఏళ్ల తరబడి ఎర్ర టిక్కు మార్కుతో సహా కొనసాగుతోంది. మిల్లికన్ అలా వదల్లేదు. చెక్కిన లోహాన్ని తిప్పి, పంజరంలాగే ఆక్సీకరణ చేసిన ఒక రాగి పలక ఎదురుగా పెట్టి, ఆ స్పర్శ పొటెన్షియల్‌ను అదే గొట్టంలో విడిగా కొలిచి లెక్కలోంచి తీసేశాడు.

హెచ్ మాత్రం ఈ గొడవకు అతీతంగా ఉంటుంది. స్పర్శ పొటెన్షియల్ ఎంతైనా, అది అన్ని రంగులకీ ఒకే మొత్తం కలుపుతుంది. గీతను మొత్తంగా పైకో కిందికో జరుపుతుంది గానీ వాలును ముట్టుకోదు. మీటరు సున్నా తప్పుగా ఉన్నా, ఎదుటి పలక ఏ లోహమో తెలియకపోయినా, వాలు సరిగ్గానే వస్తుంది. ఒకే షరతు ఉంది, మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా ఉపరితలాలు మారకూడదు. మధ్యలో తుప్పు పడితే ఒక్కో చుక్కా ఒక్కో ఎత్తులో జరిగి వాలు కూడా చెడుతుంది. మిల్లికన్ కత్తి అవసరమంతా ఇక్కడే ఉంది.

ఫలితం: 6.57 × 10⁻²⁷ ఎర్గ్ సెకండ్లు. ఇప్పటి ప్రమాణాల్లో 6.57 × 10⁻³⁴ జౌల్ సెకండ్లు. లోపం అర శాతానికి మించదని ఆయన రాశాడు.

దీని బరువు తెలియాలంటే 1900 డిసెంబరుకి వెళ్లాలి. బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ కాగిన కొలిమి వెలుగులో ఏ రంగు ఎంత పాలు ఉంటుందో వివరించడానికి ఒక సూత్రం కట్టాడు. ఆ సూత్రం కుదరాలంటే శక్తిని విడివిడి ముక్కలుగా లెక్కపెట్టాల్సి వచ్చింది, ఆ ముక్క పరిమాణాన్ని నిర్ణయించే సంఖ్యే హెచ్. కొలిమి కొలతల నుంచి ఆయనకు వచ్చిన విలువ 6.55 × 10⁻²⁷. ఎక్కడి కొలిమి, ఎక్కడి గాజు పాత్రలో చెక్కిన సోడియం! రెండింటికీ పైకి ఏ పోలికా లేదు. అయినా రెండు చోట్లా దాదాపు ఒకే సంఖ్య. హెచ్ అన్నది ప్లాంక్ సూత్రం కుదరడానికి పెట్టుకున్న సర్దుబాటు కాదని, ప్రకృతిలోనే ఉందని అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పటి విలువతో పోలిస్తే మిల్లికన్ విలువ సుమారు 0.85 శాతం తక్కువ. అంటే తాను ప్రకటించిన లోపం కంటే కొంచెం ఎక్కువే తప్పాడు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే సోడియం దగ్గర కాదు, నూనె బొట్ల దగ్గర తేలుతుంది. ఈ ప్రయోగం నేరుగా ఇచ్చేది హెచ్‌ను కాదు, హెచ్‌ను ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని. హెచ్ కావాలంటే ఆ ఆవేశం విలువ ఎవరో ఇవ్వాలి. మిల్లికన్ తన సొంత విలువే వాడాడు. అది నిజం కంటే 0.6 శాతం తక్కువ, ఎందుకంటే నూనె బొట్ల లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత విలువ కాస్త తప్పు. స్నిగ్ధతలో ఉన్న లోపం ఆవేశం లెక్కలోకి ఒకటిన్నర రెట్లు అయి దిగుతుంది. 1930ల్లో ఎక్స్ కిరణాలతో చేసిన వేరే కొలతలు దాన్ని బయటపెట్టాయి. ఆవేశాన్ని సరిచేసి ఆయన వాలునే మళ్లీ వాడితే హెచ్ 6.61 దాకా వస్తుంది. కాంతి ప్రయోగంలోని లోపం మూడో వంతు శాతం కూడా లేదు. చేతితో తిప్పే కత్తితో, అయస్కాంతంతో ఆ పని చేశాడు.

ఇంత చేసి ఎందుకు నమ్మలేదు? ఇది మొండితనం అని తేల్చేయడం సులభం, కానీ అన్యాయం. కాంతి తరంగమని చెప్పే సాక్ష్యం నూరేళ్లది. రెండు సన్నని చీలికల్లోంచి పోయిన కాంతి తెర మీద వెలుగు చీకటి చారలు వేస్తుంది, మూటలతో దాన్ని ఎలా చెబుతారు? ఆ ప్రశ్నకు 1916లో ఐన్‌స్టీన్ దగ్గరా సమాధానం లేదు. 1913లో ఐన్‌స్టీన్‌ను ప్రష్యన్ అకాడమీలోకి తీసుకోమని సిఫారసు చేసినవాళ్లలో ప్లాంక్ ఒకడు. కాంతి మూటల విషయంలో ఈయన గురి తప్పి ఉండొచ్చు, దాన్ని పెద్ద తప్పుగా పట్టుకోకండి అన్న ధోరణిలో ఆ సిఫారసు సాగింది. హెచ్‌ను కనిపెట్టిన మనిషే అలా అంటే, ప్రయోగశాలలో కూర్చున్న మనిషి అనుమానపడటం వింతేమీ కాదు. 1921 సంవత్సరానికి ఐన్‌స్టీన్‌కు నోబెల్ ఇచ్చినప్పుడు కూడా ఆ బహుమతి ఇచ్చేవాళ్లు పేర్కొన్నది కాంతి విద్యుత్ నియమాన్నే, ఫోటాన్ ఊహను కాదు. మిల్లికన్‌కు 1923లో వచ్చింది, ఆవేశం కొలతకూ ఈ ప్రయోగానికీ కలిపి. అదే ఏడు ఆర్థర్ కాంప్టన్ ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను బంతుల్లా ఢీకొని శక్తి పోగొట్టుకుంటాయని చూపించాక చాలామంది వైఖరి మారింది.

దీనికి ఒక కొసరు ఉంది. 1969లో విల్లిస్ లాంబ్, మార్లాన్ స్కల్లీ ఒక లెక్క చేసి చూపించారు. లోహంలోని ఎలక్ట్రాన్లను క్వాంటం నియమాలతో, కాంతిని మాత్రం పాత తరంగంగానే తీసుకున్నా ఐన్‌స్టీన్ తిన్నని గీత వస్తుంది. అంటే ఈ ప్రయోగం ఒక్కటే ఫోటాన్లకు తిరుగులేని రుజువు కాదు. ఫోటాన్లు ఉన్నాయి, వాటికి రుజువులు వేరే ఉన్నాయి. కానీ సమీకరణాన్ని ఒప్పుకుని దాని వెనకున్న కథను ఒప్పుకోని 1916 నాటి మిల్లికన్ తర్కపరంగా సరైన చోటే నిలబడ్డాడని చెప్పాలి. తమాషా ఏమిటంటే ఆ ఘనతను ఆయనే వద్దనుకున్నాడు. 1950లో వచ్చిన ఆత్మకథలో, తన ప్రయోగం ఫోటాన్‌ను రుజువు చేసిందని తాను అప్పుడే గ్రహించినట్టు రాసుకున్నాడు. 1916 వ్యాసం చదివినవాళ్లకు ఆ పేజీలు వింతగా ఉంటాయి.

మన డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో ఇదే ప్రయోగం ఇప్పుడు ఒక నల్ల పెట్టెగా వస్తుంది. లోపల ఫోటోసెల్, ముందు రంగు ఫిల్టర్లు పెట్టే చోటు, పైన రెండు మీటర్లు. రెండు గంటల్లో ముగుస్తుంది. విలువ 5 నుంచి 8 మధ్య ఎక్కడైనా వస్తే సర్దుకుపోయే అలవాటుంది. ఎందుకు అంత చెదురుతుందో మిల్లికన్ కష్టాలు తెలిస్తే అర్థమవుతుంది. రంగు ఫిల్టరు ఒక రంగును కాదు, రంగుల గుంపును పోనిస్తుంది. అందులో అన్నిటికంటే ఎక్కువ పౌనఃపున్యం ఉన్న అంచే నిరోధక పొటెన్షియల్‌ను నిర్ణయిస్తుంది, మనం మాత్రం ఫిల్టరు మీద రాసిన మధ్య విలువ వేసుకుంటాం. ఫోటోసెల్ క్యాథోడ్ మీది క్షారలోహం కొంత కాలానికి ఎలక్ట్రాన్లను అందుకునే ఎదుటి తీగ మీదికి కూడా చేరుతుంది, అది కూడా కాంతికి ఎలక్ట్రాన్లు వదిలి ప్రవాహాన్ని సున్నా దాటించి రుణంలోకి లాగుతుంది. పైగా గది ఉష్ణోగ్రత వల్ల ఎలక్ట్రాన్ల శక్తికి పదునైన అంచు ఉండదు, ప్రవాహం ఒక్కసారిగా ఆగక నేలకు ఆనుకుంటూ సాగుతుంది. ఎక్కడ సున్నా అయిందో చూసేవాడి ఓపికను బట్టి ఉంటుంది. వెలుగు పెంచితే నిరోధక పొటెన్షియల్ కూడా కాస్త పెరిగినట్టు కనబడేది అందుకే. ఐన్‌స్టీన్ తప్పి కాదు, మీటరు ముల్లు కదలికను మనం గుర్తించే హద్దు మారి.

పైన చెప్పిన పాదరస దీపం ఉదాహరణలో 1.126 వోల్టుల తేడాను 0.05 తక్కువగా చదివామనుకోండి. హెచ్ 6.34కి దిగిపోతుంది, నాలుగు శాతం పైన తప్పు. ఎల్‌ఈడీలు వెలగడం మొదలయ్యే వోల్టేజితో హెచ్ కొలిచే చవక పద్ధతి ఒకటి స్కూళ్లలో కూడా చేయిస్తున్నారు. సరదాకి బాగుంటుంది గానీ, ఎల్‌ఈడీ ఎక్కడ వెలగడం మొదలైందనేది ఇంతకంటే మసక విషయం.

హెచ్ విషయంలో అసలు మార్పు 2019 మే 20న జరిగింది. అంతకు ముందు సంవత్సరం నవంబరులో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో సమావేశమైన దేశాలు తీసుకున్న నిర్ణయం ఆ రోజు అమల్లోకి వచ్చింది. కిలోగ్రాము అంటే పారిస్ పక్కన సేవ్ర్‌లో గాజు మూతల కింద ఉన్న ప్లాటినం, ఇరీడియం దిమ్మ అన్న నిర్వచనం పోయింది. దాని ప్రతుల్లో 57వ నంబరుది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో ఉంది, మన దేశంలో తూకాలన్నిటికీ మూలం అదే. నూరేళ్ల పైబడిన కాలంలో అసలు దిమ్మకీ ప్రతులకీ మధ్య 50 మైక్రోగ్రాముల దాకా తేడా వచ్చింది, ఎవరు బరువెక్కారో ఎవరు తగ్గారో చెప్పే దారి లేదు. అందుకని దిమ్మను వదిలి హెచ్‌ను పట్టుకున్నారు. ప్లాంక్ స్థిరాంకం 6.62607015 × 10⁻³⁴ అని, ఇక మార్పు లేకుండా, నిర్ణయించేశారు. కిలోగ్రామును ఇప్పుడు ఆ సంఖ్య నుంచి రాబట్టుకోవాలి. ఆ పని చేసే యంత్రాల్లో ముఖ్యమైనది కిబుల్ త్రాసు. బ్రిటన్‌కు చెందిన బ్రయన్ కిబుల్ 1975లో ప్రతిపాదించినది. ఒకవైపు బరువు, మరోవైపు విద్యుదయస్కాంత బలం పెట్టి తూచుతుంది.

అదే రోజు ఎలక్ట్రాన్ ఆవేశం విలువ కూడా స్థిరపడిపోయింది: 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు. ఈ రెండూ స్థిరమైనాక వాటి నిష్పత్తి, అంటే మిల్లికన్ గీత వాలు, ఎన్ని దశాంశాలకైనా ముందే తెలిసిపోయింది. పైగా ప్రయోగశాలల్లో వోల్టును నిలబెట్టేది కూడా ఆ నిష్పత్తే. అతిచల్లని జోసెఫ్‌సన్ సంధుల మీద మైక్రోవేవ్‌లు ప్రసరిస్తే వచ్చే వోల్టేజి మెట్లు హెచ్‌ను రెట్టింపు ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించిన విలువను బట్టి పడతాయి. వోల్ట్‌మీటర్ల సరిచూపు గొలుసు ఆ మెట్ల దగ్గరే మొదలవుతుంది.

కాబట్టి ఇవాళ ఫోటోసెల్ ముందు కూర్చున్న విద్యార్థి గీత వాలు తీసి హెచ్ విలువ రాస్తే, కొలిచింది హెచ్‌ను కాదు. 6.34 వస్తే ఆ నాలుగు శాతం ఫిల్టరుది కావచ్చు, ఎదుటి తీగ మీద చేరిన క్షారలోహానిది కావచ్చు, మీటరుది కావచ్చు. రికార్డులో చివరి వరుస పేరు ప్లాంక్ స్థిరాంకం నిర్ణయం అనే ఉంటుంది, సిలబస్ ఇంకా మార్చలేదు.